పెద్దాయన అనని మాట

యాప్రాల్‌లో మా ఇంటికి నాలుగు సందుల అవతల కొత్తగా కంటి ఆసుపత్రి పెట్టారు. మొన్న శనివారం పొద్దున్నే అక్కడ కూర్చుని ఉన్నాను. కుడి కంట్లో శుక్లం. పావుగంట పనట, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పన్నం తినొచ్చట. ఈ సంగతి కోడలు చెప్పింది, డాక్టరు చెప్పాడు, పక్కింటావిడ రెండుసార్లు చెప్పింది. వాళ్ళు చెప్పేకొద్దీ నా అరచేతులకు చెమట ఎక్కువైంది. కంట్లో చుక్కల మందు వేసి, అరగంట ఆగమని నన్నొక కుర్చీలో కూర్చోబెట్టారు.

ఎదురుగా గోడ మీద ఒక పటం. అందులో దేశమంతా గౌరవించే ఒక పెద్ద నాయకుడి బొమ్మ, దాని కింద లావుపాటి అక్షరాల్లో ఆయన సూక్తి: "భయం వస్తే కూర్చోమనకండి. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపించెయ్యండి." నా ఎడమ కన్ను బాగానే పనిచేస్తోంది. రెండుసార్లు చదివాను. తర్వాత గట్టిగా నవ్వొచ్చింది. పక్కన కూర్చున్నాయన కొంచెం దూరం జరిగాడు.

ఆ నాయకుడి పేరు ఇక్కడ రాయను. ఆయన జన్మలో అనని మాటని ఆయన నోట్లో పెట్టింది మా ఇంటివాళ్ళే. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆయన పేరు పట్టుకుని లాగడం ఎందుకు? అప్పట్లో మేమందరం ఆయన్ని 'పెద్దాయన' అనేవాళ్ళం. ఇప్పుడూ అంతే అంటాను.

మేం సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్‌లో ఉండేవాళ్ళం. నాన్న రాంగోపాల్‌పేట్‌లో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్. అంటే సీసపు అక్షరాలను గళ్ళపెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చి, మాటలు చేసే పని. ఆ అక్షరాలను నేను ఎంత తిప్పి చూసినా పోల్చుకోలేకపోయేదాన్ని. నాన్న మాత్రం పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే, చూడకుండా 'క్ష' ఉన్న గడిలో చెయ్యి పెట్టేవాడు. ఆయన చొక్కాకి ఎప్పుడూ కిరసనాయిలు వాసన. అచ్చయిపోయిన అక్షరాలను కిరసనాయిలుతోనే కడిగేవాళ్ళు. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు అమ్మ ఎంత పౌడరు పూసినా ఆ వాసన కిందినుంచి పైకి వచ్చేది.

ప్రెస్సు ఓనర్ని నేను ప్రెస్ మామయ్య అనేదాన్ని. వాళ్ళది మూడు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. మాది గుంటూరు వైపునుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, చర్చిని గుడి అనే అనేవాళ్ళం. మామయ్య నాన్న కన్నా పెద్దవాడు, నాన్నని 'తమ్మీ' అని పిలిచేవాడు. ఆయన కూతురు, నేను ఒకే ఈడు. సెలవులొస్తే మా ఇద్దరికీ ప్రెస్సులోనే మకాం. కార్డులు యాభై యాభైగా లెక్కపెట్టి, మైదా జిగురుతో కాయితం పట్టీ అంటించడం మా పని. ఆ జిగురు కాస్త వెచ్చగా ఉన్నప్పుడు భలే వాసన వచ్చేది. ఒకసారి రుచి కూడా చూశాం, ఏమంత బాగాలేదు.

ఇక మా నాయనమ్మ. చదువు రాదు, సంతకం రాదు, మాటలు మాత్రం దండిగా వచ్చు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. అమ్మా నాన్నా వాదులాడుకుంటుంటే నన్ను పిలిచి, "ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలోకి పోబాకే. ముందు పొయ్యి మీద ఏం మాడుతుందో చూడు" అనేది. నాన్నకి కోపమొస్తే, "నీళ్ళు తాగి మాట్లాడరా. తాగాక కూడా మాట్లాడాలనిపిస్తే ఇంకో గ్లాసు తాగు" అనేది. నాకు లెక్కల పరీక్షంటే వణుకు. పరీక్ష రోజు గుమ్మం దాకా వచ్చి, నా గడ్డం పట్టుకుని చెప్పేది: "భయం వస్తే కూర్చోమనబాకమ్మా. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపించెయ్." ఆ మాటతో పాటు చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేది. లెక్కలు తప్పే వచ్చేవి గానీ వణుకు మాత్రం తగ్గేది.

ఆమె చేసే గోంగూర పచ్చడి లేకుండా నాకు ముద్ద దిగేది కాదు. పచ్చి ఉల్లిపాయ నంజుకుని మూడు పూటలా తినమన్నా తినేదాన్ని.

ఆ ఏడు నాయనమ్మ కళ్ళలో పొరలు కమ్మాయి. నా జడ వేస్తే పాపిడి చెవి దగ్గరికి పోయేది. బియ్యంలో రాళ్ళను వేళ్ళతో తడిమి ఏరేది. ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఈ చలికాలంలోనే ఆపరేషన్ చేయించండి, ముదిరిపోయాక చేసినా చూపు వస్తుందని చెప్పలేను అన్నాడు. నాయనమ్మ ససేమిరా అంది. వాళ్ళ ఊళ్ళో ఎవరికో కత్తి పెడితే ఉన్న కాస్త చూపూ పోయిందట. భయమని మాత్రం ఒప్పుకోదు. అందరికీ భయాన్ని నిలబెట్టి పంపమని చెప్పే మనిషి, తన ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టానని ఎలా చెబుతుంది? అందుకని దేవుణ్ణి మధ్యలోకి తెచ్చింది.

"జనవరి ఒకటో తారీఖు నా వాగ్దానం రానీరా. దేవుడు వెళ్ళమంటే వెళ్తా. వద్దంటే ఇంకెవ్వరూ నా దగ్గర ఆ ఊసెత్తొద్దు" అంది నాన్నతో.

వాగ్దానమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా గుళ్ళల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో చిన్న చిన్న కార్డులు ఒక పళ్ళెంలో పెట్టి తిప్పుతారు. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వాక్యం. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటే, ఆ ఏడాదికి దేవుడు మనతో అన్న మాట అదే. చాలామంది దాన్ని పర్సులో పెట్టుకుంటారు. నాయనమ్మ దాన్ని అమలులో పెట్టేది. తాతయ్య పోయిన ఏడు ప్రయాణం గురించిన వాక్యం వచ్చిందని, ఇల్లూ వాకిలీ వదిలి నాన్నతో సికింద్రాబాద్ రైలెక్కేసింది. ఇంకో ఏడు పాల గురించి ఏదో వస్తే పాలవాణ్ణి మార్చింది. కాబట్టి ఆమె 'వాగ్దానం రానీ' అందంటే, ఆ కార్డుతో ఆమె కళ్ళ సంగతి తేలిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఏమొస్తే వెళ్ళమన్నట్టు నాయనమ్మా?" అనడిగాను.

"వస్తే నాకు తెలుస్తుందిలే. నువ్వు చదివిపెట్టు చాలు" అంది. ఆమె కార్డు చదవడం ఏటా నా పనే.

ఆ కార్డులు అచ్చువేసేది మా ప్రెస్సే. మూడు వందల కార్డులు, లేత నీలం అట్ట, వెనకవైపు గులాబీ పువ్వు. ప్రెస్సులో బాగున్న పువ్వు బ్లాకు, అంటే బొమ్మ అచ్చు, అదొక్కటే ఉండేది. పెళ్ళి శుభలేఖ దగ్గర్నుంచి సబ్బుల దుకాణం రసీదు దాకా అన్నిటి మీదా ఆ గులాబీయే పూసేది.

అదే డిసెంబరులో ఇంకో పనొచ్చింది. దగ్గర్లోని ఒక బడి హెడ్మాస్టరు పెద్దాయన సూక్తుల కార్డులు వెయ్యమన్నాడు. జనవరి మొదటి వారంలో సభ, పిల్లలకి తలో కార్డూ పంచుతాడట. యాభై సూక్తులు అన్నాడు గానీ, ఆయన ఇచ్చిన నోటు పుస్తకంలో ఉన్నవి ముప్పై తొమ్మిదే. ఆయనేమో పని మీద వరంగల్ వెళ్ళిపోయాడు. షీటుకి పది కార్డుల చొప్పున అయిదు షీట్ల పని ఒప్పుకున్నారు. పదకొండు గళ్ళు ఖాళీగా పెట్టి అచ్చు కొట్టడం నాన్నకి ప్రాణం ఒప్పలేదు.

ప్రూఫులు దిద్దేటప్పుడు మూలం పట్టుకుని పైకి చదివేది నేను. ముప్పై తొమ్మిది చదివి ఆగిపోయాను. నాన్న మాత్రం ఆగలేదు, ఇంకో పదకొండు దిద్దుకుంటూ పోయాడు. తొంగి చూశాను. పొయ్యి మీద మాడేది ఉంది. రెండో గ్లాసు నీళ్ళు ఉన్నాయి. భయాన్ని నిలబెట్టడం ఉంది. కాకపోతే 'బాకమ్మా'లు తీసేసి, బడి పిల్లలకు తగినట్టు 'కండి' పెట్టాడు. అన్నిటి కిందా పెద్దాయన పేరు.

"నాన్నా, ఇవి నాయనమ్మవి కదా?"

"ఊరుకో. ఆయన వింటే కాదనడులే" అన్నాడు, నా వైపు చూడకుండా.

మామయ్యకీ చెప్పలేదు. ఒక్క పువ్వు బ్లాకే కదా ఉంది, ఆ కార్డుల వెనక కూడా గులాబీయే. అట్ట కూడా వాగ్దానాలకు తెచ్చిన దాంట్లో మిగిలిందే, లేత నీలం. ప్రెస్సువాళ్ళు దీన్ని పొదుపు అంటారు.

క్రిస్మస్‌కి వారం ముందు ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళు టీకి వెళ్ళారు. మా ఇద్దరి ముందూ రెండు దొంతరలు. ఒకటి వాగ్దానాలు, ఒకటి సూక్తులు. పట్టీలు అంటించాల్సినవాళ్ళం కార్డులతో మేడ కట్టడం మొదలుపెట్టాం. గులాబీలు బయటికి కనబడేలా రెండు దొంతరల్లోంచీ తీసి మూడంతస్తులు లేపాం. నాలుగోది మొదలుపెట్టామో లేదో గుమ్మంలో చెప్పుల చప్పుడు. మేడ కూలింది. ఇద్దరం గబగబా అన్నీ పోగేసి, పువ్వులు పైకి పెట్టి, లెక్కపెట్టి, పట్టీలు వేసేశాం. తిప్పి చదివే తీరిక ఎక్కడిది?

"ఇవి కలిసిపోయినయే" అన్నాను దాని చెవిలో.

"ఏం గాదు. పూలు ఒక్కతీర్గనే ఉన్నయి గదా, ఎవడు సూస్తడు?" అంది అది.

దానికేం, వాళ్ళింట్లో ఎవరూ జనవరి ఒకటిన కార్డు తియ్యరు. మా ఇంట్లో నాయనమ్మ తీస్తుంది. చెప్పేద్దామని రెండుసార్లు నాన్న దగ్గరికి వెళ్ళాను. పండగ ముందు ప్రెస్సులో ఎవరి ముఖం చూసినా చెప్పాలనిపించేది కాదు. కట్టలు విప్పితే పని మళ్ళీ మొదటికొస్తుంది. అలా ఆ రోజు, ఆ మర్నాడు, ఆ వారం గడిచిపోయాయి. కట్టలు గుడికి వెళ్ళిపోయాయి. క్రిస్మస్‌కి అమ్మ గులాబీ పువ్వులు వండింది, అచ్చు పిండిలో ముంచి నూనెలో వేయించే పిండివంట. తినబోతే గులాబీ ఆకారం చూసి తిరిగి పళ్ళెంలో పెట్టేశాను.

జనవరి ఒకటి పొద్దున గుడి కిటకిటలాడిపోయింది. కొత్త చీరల గంజి వాసన, మల్లెపూల బదులు ఆ కాలంలో దొరికే చామంతుల వాసన. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో నాయనమ్మ, పక్కన నేను, అమ్మ. మగవాళ్ళ వైపు నాన్న. మా పాస్టరుని అయ్యగారు అనేవాళ్ళం. ఆయన ప్రార్థన చేసి పళ్ళెం పంపించారు. నాయనమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు పెదవులు కదిపింది. ఆమె మూసుకున్నా తెరిచినా ఒకటే అప్పటికి. వేళ్ళతో అడుగునుంచి ఒక కార్డు లాగి నా చేతిలో పెట్టింది.

తిప్పి చూశాను. భయం వస్తే కూర్చోమనకండి. కింద పెద్దాయన పేరు.

కార్డుని గబుక్కున బోర్లించి పట్టుకున్నాను. మా గుళ్ళో ఒక్కొక్కరే లేచి తమ వాగ్దానం చదవడం, అందరూ ఆమెన్ అనడం ఆనవాయితీ. మగవాళ్ళ వైపునుంచి మొదలైంది. మొదటి ముగ్గురివీ వాక్యాలే వచ్చాయి. నాలుగో ఆయన రైల్వేలో పనిచేసేవాడు. రైళ్ళన్నిటినీ టైముకి పంపి, తను మాత్రం ఎప్పుడూ రెండో పాట అయ్యాకే గుళ్ళోకి వచ్చేవాడు. కళ్ళద్దాలు పెట్టుకుని గంభీరంగా చదివాడు: "సభకి ముందొచ్చినవాడు కుర్చీలు వేస్తాడు. ఆలస్యంగా వచ్చినవాడు వాటిలో కూర్చుంటాడు."

అలవాటు కొద్దీ సగం గుడి ఆమెన్ అంది. తర్వాత మిగతా సగం నవ్వింది. అది నాన్న చేర్చిన పదకొండింటిలో ఒకటి, నాయనమ్మది కాదు, ఆయన సొంతంగా రాసింది. రాసేటప్పుడు ఆ అంకుల్నే మనసులో పెట్టుకున్నాడని నాకు తెలుసు. నాన్న వైపు చూశాను. ముఖం సీసం రంగులోకి తిరిగింది.

అయ్యగారు దిగి వచ్చి ఆ కార్డు తీసుకుని ముందూ వెనకా చూశారు. ఇంకెవరో "నాకూ అట్టాంటిదే వచ్చిందండీ" అన్నారు. ఇంకొకరు లేచారు. అయ్యగారిది మెదక్ వైపు. ప్రసంగంలో పుస్తకాల తెలుగు మాట్లాడినా, తడబడినప్పుడు సొంత మాట వచ్చేది.

"అచ్చుల ఏదో పొరపాటైనట్టుంది. ఎవలకు పెద్దాయన మాట వచ్చిందో వాళ్ళు ఆదివారం తెచ్చి మార్చుకోండ్రి. అందాక ఆ మాట సుత జెర పాటించి సూడుండ్రి, నష్టమేం లేదు" అన్నారు. రైల్వే అంకుల్ తల గోక్కున్నాడు.

ఈ గోలలో నాయనమ్మ నా మోచెయ్యి పొడిచింది. "వాళ్ళ సంగతి మనకెందుకే. నాది చదువు."

నా పదకొండేళ్ళ బుర్ర అంత వేగంగా ఎప్పుడూ పనిచేయలేదు. చూపు గురించి, వెలుగు గురించి నాకు కంఠతా వచ్చిన వాక్యాలు పది ఉన్నాయి. అందులో ఏదో ఒకటి చదివినట్టు చెప్పేస్తే చాలు. నాయనమ్మ ఆమెన్ అంటుంది, ఆసుపత్రికి వెళ్తుంది, కళ్ళొస్తాయి. ఉన్నది ఉన్నట్టు చదివితే ఇది వాగ్దానం కాదు, అచ్చుతప్పు అంటుంది. ఈ ఏటికి ఆపరేషన్ లేదు, ఇంకెప్పటికీ లేదు. ఆ పాపం నాది. నోరు తెరిచాను. మొదటి మాట నాలిక మీదికి వచ్చింది కూడా. ఆమె తెల్లటి కళ్ళు నా ముఖం వైపు తిరిగి ఉన్నాయి. నేను ఏం చదివితే అదే నమ్మే మనిషి. నా వల్ల కాలేదు.

"భయం వస్తే కూర్చోమనకండి" అని చదివాను. ఏడుపు తన్నుకొచ్చింది. "గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపించెయ్యండి."

నాయనమ్మ చెవి నా నోటి దగ్గరికి తెచ్చింది.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"ఇదెవరి మాటని రాశారే అక్కడ?"

"పెద్దాయనదని."

"ఆయనదేంటి, నా మొహం! ఇది నాది. మీ నాన్న చిన్నప్పుడు టైఫాయిడ్‌తో పడుంటే నేనన్నాను. ఊరంతా విన్నారు." ఆమె గొంతు గుసగుసలకి పనికొచ్చేది కాదు. మూడు వరసల దాకా వినబడింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక నాన్న అన్నం ముందు కూర్చుని తల వంచుకుని అంతా చెప్పాడు. ఖాళీ గళ్ళు, పదకొండు మాటలు, కింద పెట్టిన పేరు. కార్డులు ఎలా కలిశాయో మాత్రం ఆయనకి తెలియదు. తెలిసినదాన్ని నేను నోరు విప్పలేదు. నాయనమ్మ మాంసం కూరలో ముక్కలు వేళ్ళతో వెతుక్కుంటూ వింది.

"అమ్మా, ఆ కార్డు లెక్కలోకి రాదు. రేపే కూర్చుని కొత్తవి వేసి తెస్తాను. ఆదివారం ఇంకోటి తియ్యి" అన్నాడు నాన్న.

"ఎందుకు తియ్యాలి? మూడొందల కార్డుల్లో నా మాట నా చేతికే వచ్చిందిరా. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పావుగా, ఇప్పుడు నువ్వు విను అంటున్నాడు ఆ దేవుడు. నాకు బుద్ధి లేదనుకున్నావా?" మెతుకులు దులుపుకుని లేచింది. "ఆ డాక్టరుకి చెప్పు, పేరు రాసుకోమని."

నాన్న అన్నం ముందు కూర్చునే ఏడ్చాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆ మధ్యాహ్నం నేను పీల్చినంత గాలి అంతకుముందు నెలంతా పీల్చలేదేమో.

బడి సంగతి అప్పటికే చెయ్యి దాటిపోయింది. నాన్న మర్నాడు పరిగెత్తేసరికి ఆ కట్టలు బడివాళ్ళు పట్టుకెళ్ళిపోయారు. సభ కూడా ఆ పొద్దునే అయిపోయింది. నాలుగో రోజు హెడ్మాస్టరు ప్రెస్సుకి వచ్చాడు. నాన్న ఉద్యోగం పోతుందనుకుని అక్షరాల గళ్ళపెట్టె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏందయా గిది? సగం కార్డులల్ల దేవుని మాటలున్నయి. మన పెద్దాయన గింత భక్తిగ సుత మాట్లాడిండా అని నేను పరేషానైన" అన్నాడు హెడ్మాస్టరు.

నాన్న కార్డులు కలిసిన సంగతి చెప్పి, దానితో పాటు అడగని సంగతి కూడా చెప్పేశాడు. ఎర్ర పెన్సిల్ తీసి, తను చేర్చిన పదకొండింటికీ గుర్తు పెట్టి చూపించాడు. హెడ్మాస్టరు ఒక్కొక్కటే చదివాడు. రెండో గ్లాసు నీళ్ళ దగ్గర ఆయన మీసం కదిలింది.

"గివి తీసేస్తే మిగిలినయి చప్పగుంటయి గదా" అన్నాడు చివరికి. "అయినా తప్పు తప్పే. మళ్ళ కొట్టేటప్పుడు వీటి కింద ఆయన పేరు తీసెయ్. 'ఒక పెద్దమనిషి' అని పెట్టు. పంచినయి పంచినయే, పిల్లల చేతులకెళ్ళి ఎట్ల గుంజుకుంట?"

మామయ్య ఆయన వెళ్ళేదాకా ఆగి నాన్న భుజం మీద చెయ్యేశాడు. "తమ్మీ, ఇంకోపారి ఖాళీ గడి ఉంటే పువ్వు పెట్టు. మాటలు పెట్టకు." అంతటితో ఆ తక్లీఫ్ తీరింది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి వరండాలో బల్ల మీద నాయనమ్మ పక్కన నేను కూర్చున్నాను. ఆమెకి తెల్ల గౌను వేశారు, జడ విప్పి గుడ్డ కట్టారు. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. నా వేళ్ళని ఒక్కొక్కటే లెక్కపెడుతూ, అయిదయ్యాక మళ్ళీ మొదలుపెడుతోంది. ఆమెకి అంత భయమని నాకు అప్పటిదాకా తెలియదు. ఇక దాచుకోలేకపోయాను.

"నాయనమ్మా, కార్డులు కలిపేసింది నేనే. మేడ కట్టాం. కూలిపోయింది."

"తెలుసులేవే."

"ఎట్టా తెలుసు?"

"క్రిస్మస్ ముందు వారం రోజులు గోంగూర పచ్చడి అడగలేదు నువ్వు. ఏం చేశావో తెలీలేదు గానీ ఏదో చేశావని తెలుసు. మరి గుళ్ళో ఇంకో వాక్యం చెప్పెయ్యకపోయావా? నాకేం తెలుస్తుంది?"

"చెబుదామనే అనుకున్నా. రాలేదు."

ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. నర్సు వచ్చి పిలిచింది. నాయనమ్మ లేచి, బల్ల మీద తను కూర్చున్న చోటు చేత్తో ఒకసారి దులిపి లోపలికి వెళ్ళింది.

అప్పట్లో ఆపరేషన్ అయ్యాక తల కదపకుండా రోజులకి రోజులు పడుకోవాలి. తలకి రెండు పక్కలా ఇసక సంచులు పెట్టేవాళ్ళు. నోరు కూడా ఎక్కువ కదపొద్దన్నారు. నాయనమ్మకి అదే పెద్ద శిక్ష. కట్టు విప్పిన రోజు డాక్టరు ముందు తన వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. "మూడు. ఉంగరం వేలి గోరు తీయించుకో నాయనా, పెరిగింది" అంది నాయనమ్మ. నాన్న వరండాలోకి వెళ్ళి స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన చేసింది. నేను గెంతాను, నర్సు తిట్టింది, మళ్ళీ గెంతాను.

తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చాయి. వాటిలోంచి ఆమె కళ్ళు ఇంతింత కనబడేవి. పెట్టుకున్న మొదటి రోజు ఇల్లంతా తిరిగి, ఎక్కడెక్కడ దుమ్ముందో అమ్మకి చెప్పింది. తర్వాత నన్ను పిలిచి ఆ నీలం కార్డు తెమ్మంది. గుళ్ళో అందరూ మార్చుకున్నా ఆమె మార్చుకోలేదు.

"నా మాట అక్షరాల్లో ఎట్టా ఉంటదో చూద్దాం. చూపించు."

ఒక్కొక్క మాట మీదా ఆమె వేలు పట్టుకుని నడిపించాను. భయం. వస్తే. కూర్చోమనకండి. 'భ' దగ్గర చాలాసేపు ఆగింది. చివరి వరస మీద వేలు పెట్టి, "ఇదేంటి?" అంది.

"పెద్దాయన పేరు. చింపేద్దామా? కత్తిరించేస్తా."

నాయనమ్మ కార్డుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ఉండనీవే. పాపం, ఆయనకి మాత్రం ఎప్పుడూ భయం వెయ్యకుండా ఉంటదా? అప్పుడు పనికొస్తది" అంది.

ఆ కార్డు ఆమె పోయేదాకా కళ్ళద్దాల పెట్టెలోనే ఉంది. ఆ తర్వాత మేం ఇళ్ళు మారాం, ప్రెస్సు మూసేశారు, ఆ గులాబీ బ్లాకు ఏమైందో తెలియదు. ప్రెస్ మామయ్య కూతురు మొన్నటిదాకా ఫోన్ చేస్తుండేది. 'పూలు ఒక్కతీర్గనే ఉన్నయి గదా' అంటే చాలు, ఇద్దరం మాట్లాడలేనంత నవ్వుకునేవాళ్ళం. హెడ్మాస్టరు పంచిన ఆ కార్డులు ఏ పిల్లల జేబుల్లో ఏ ఇళ్ళకి వెళ్ళాయో, ఏ గోడల మీదికి ఎక్కాయో. తిరిగి తిరిగి ఆ మాట యాప్రాల్‌లో నా ఎదురుగా వచ్చి నిలబడింది, నాకు సరిగ్గా అరచేతులు చెమట పట్టిన రోజున.

ఆసుపత్రి అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. నేను పటం వైపే చూడటం గమనించినట్టుంది.

"మస్తు చెప్పిండు కదా ఆంటీ? నాకైతే గీ మాటంటే బాగిష్టం. ఆయనకు ఎప్పుడు భయమైందో ఏమో గానీ."

నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. నాయనమ్మ అన్న 'ఉండనీవే' గుర్తొచ్చి ఆగాను.

"కంటి ఆపరేషన్ ముందమ్మా" అన్నాను.

"నిజంగనా? మీకెట్ల తెలుసు?"

"నేను పక్కనే కూర్చున్నాను."

ఆ అమ్మాయి పటం వైపు చూసింది, నా వైపు చూసింది, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను కుర్చీలోంచి లేచి, కూర్చున్న చోటు చేత్తో ఒకసారి దులిపి, లోపలికి నడిచాను.